తెల్ల రంగుకు ఒక పరీక్ష



భోజనం చేసేటప్పుడు తెల్ల చొక్కా మీద పప్పు మరక పడిందనుకోండి. సబ్బు పెట్టి రుద్దితే ఆ మరక ఎర్రబడుతుందే గాని పోదు. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు ఏమంటారు? "ఎండలో ఆరెయ్యి, అదే పోతుంది" అంటారు. నిజంగానే సాయంత్రానికి పసుపు చాలావరకు మాయమవుతుంది. ఎండలోని కాంతి, గాలిలోని ఆక్సిజన్ కలిసి పసుపులోని రంగు అణువును ముక్కలు చేస్తాయి. ముక్కలైన అణువుకు ఆ పచ్చదనం ఉండదు.

ఇప్పుడు మరొకటి గమనించండి. చాలా ఏళ్లుగా ఎండకు నిలిచిన తెల్ల పెయింటు కిటికీ తలుపు మీద అరచేతితో ఒకసారి రాయండి. చేతికి తెల్లని పొడి అంటుకోవచ్చు. మా బడి కిటికీలకు ఆనుకుని నిలబడే పిల్లల చొక్కాలు చూస్తే ఎవరు ఎక్కడ నిలబడ్డారో నేను చెప్పగలిగేవాణ్ణి! పెయింటు పరిశ్రమలో దీన్ని చాకింగ్ అంటారు. అంటే పెయింటు పైపొర సుద్దలా మారిపోవడం. సున్నం కొట్టిన గోడ సంగతి వేరు. అది కొత్తలో కూడా చేతికి అంటుతుంది. ఇక్కడ మాత్రం ఒకప్పుడు నున్నగా, గట్టిగా, మెరుస్తూ ఉన్న పొరే పొడిగా మారింది.

చొక్కా మరక పోతే మనకు సంతోషం. కిటికీ పొడిబారితే మళ్లీ పెయింటు వేయిస్తాం. కాని ఒక గొప్ప చిత్రకారుడు వేసిన చిత్రపటం మీద ఇలా జరిగితే? ఆయన కుంచెతో దిద్దిన పైపొర ఒక్కసారి పొడిగా రాలిపోతే దాన్ని మళ్లీ ఎవరూ తేలేరు. అందుకే జరగకముందే ప్రమాదాన్ని కనిపెట్టాలి. ఎలా కనిపెడతారో ఈ పాఠంలో తెలుసుకుందాం.

పెయింటులో ఏముంటుంది?

పెయింటులో ముఖ్యంగా రెండు ఉంటాయి. ఒకటి రంగునిచ్చే మెత్తని పొడి. దీన్ని వర్ణకం అంటారు. రెండోది ఆ పొడిని ఒకదానికొకటి అతికించి, గుడ్డకో చెక్కకో పట్టి ఉంచే పదార్థం. దీన్ని బంధకం అంటారు. తైలవర్ణ చిత్రాలలో బంధకం సాధారణంగా అవిసె నూనె. ఈ నూనె నీళ్లలా ఆవిరై ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, దాని అణువులు వలలా అల్లుకుని గట్టిపడతాయి. ఆ వలలో వర్ణకపు రేణువులు చిక్కుకుని ఉంటాయి. వల తెగిందా, రేణువులు రాలిపోతాయి. చాకింగ్ అంటే ఇదే.

మూడు తెలుపులు

పూర్వం చిత్రకారులకు ముఖ్యమైన తెలుపు సీసపు తెలుపు. ఇది సీసపు కార్బొనేటు, హైడ్రాక్సైడు కలిసిన పదార్థం. నూనెతో కలిస్తే గట్టి పొర ఏర్పడుతుంది. కాని ఇది విషం. పైగా హైడ్రోజన్ సల్ఫైడు వాయువు తగిలితే నల్లబడుతుంది. 19వ శతాబ్దంలో జింకు తెలుపు, అంటే జింకు ఆక్సైడు, వాడుకలోకి వచ్చింది. అది అంత విషం కాదు గాని, నూనెతో కలిసిన పొర కాలక్రమాన పెళుసెక్కి పగుళ్లు బారుతుంది.

ఆ తరువాత వచ్చింది టైటానియం తెలుపు, అంటే టైటానియం డై ఆక్సైడు. టైటానియం మూలకాన్ని 1791లో ఇంగ్లండులో విలియం గ్రెగర్ కనుగొన్నాడు. 1795లో జర్మన్ రసాయనవేత్త క్లాప్రోత్ దానికి ఆ పేరు పెట్టాడు. అయితే దీన్ని తెల్ల పెయింటుగా పెద్ద ఎత్తున తయారుచేయడం 1916 ప్రాంతం నుంచే, నార్వేలోనూ అమెరికాలోనూ మొదలైంది. దీనికి కావలసిన ఇల్మనైటు ఖనిజం మన శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నల్ల ఇసుకలో కూడా ఉంది. కేరళ తీరపు ఇసుక ఇందుకు మరింత పేరుపొందింది.

టైటానియం తెలుపు ఎందుకంత తెల్లగా ఉంటుంది? వక్రీభవన గుణకం గురించి మీరు చదువుకున్నారు కదా. అవిసె నూనె గుణకం సుమారు 1.48. సీసపు తెలుపు, జింకు తెలుపుల గుణకం సుమారు 2. టైటానియం తెలుపుది 2.5 కంటె ఎక్కువ. రేణువుకూ నూనెకూ ఈ తేడా ఎంత ఎక్కువైతే, కాంతి అంత ఎక్కువగా చెదిరి వెనక్కు వస్తుంది. అందువల్ల పలుచగా పూసినా కింది పొర కనబడదు. విషమూ కాదు. ఇన్ని మంచి గుణాలుంటే చిత్రకారులు వదులుతారా? 20వ శతాబ్దపు చిత్రాలలో ఈ తెలుపు విరివిగా కనబడుతుంది.

ఒకే సూత్రం, రెండు స్ఫటికాలు

బొగ్గుపలక గ్రాఫైటు, వజ్రం రెండూ కార్బనే అని మీకు తెలుసు. అణువుల అమరికలో తేడా వల్ల ఒకటి మెత్తన, ఒకటి మహా గట్టి. టైటానియం డై ఆక్సైడులో కూడా అలాంటి తేడా ఉంది. పెయింటులో వాడే స్ఫటికాలు రెండు రకాలు: అనటేజ్, రూటైల్. రెండింటి రసాయన సూత్రం ఒకటే: ఒక టైటానియం పరమాణువుకు రెండు ఆక్సిజన్ పరమాణువులు. కంటికి రెండూ తెలుపే. మొదట మార్కెట్టులోకి వచ్చింది అనటేజ్. రూటైల్ 1940 ప్రాంతం నుంచి వాడుకలోకి వచ్చింది. తరువాత తయారీదారులు రేణువుల మీద అల్యూమినా, సిలికా వంటి పదార్థాల పలుచని పూత వేయడం నేర్చుకున్నారు.

ఈ వివరాలన్నీ ఎందుకంటారా? కాంతి తగిలినప్పుడు ఈ రకాల నడత వేరువేరుగా ఉంటుంది. పూత లేని అనటేజ్ తన చుట్టూ ఉన్న నూనెనే నాశనం చేస్తుంది!

కాంతి చేసే పని

అనటేజ్ స్ఫటికంలో ఎలక్ట్రాన్లు ఒక మెట్టు మీద కూర్చుని ఉంటాయనుకోండి. వాటిని పై మెట్టుకు ఎక్కించడానికి సుమారు 3.2 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. రూటైల్‌కు సుమారు 3.0 చాలు. కాంతికణం శక్తిని లెక్కకట్టడానికి ఒక తేలిక సూత్రం ఉంది. 1240ని నానోమీటర్లలో చెప్పిన తరంగదైర్ఘ్యంతో భాగించండి. వచ్చేది ఎలక్ట్రాన్ వోల్టులలో శక్తి.

ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యం 550 నానోమీటర్లు అనుకుందాం. 1240ని 550తో భాగిస్తే సుమారు 2.25. చాలదు. 365 నానోమీటర్ల అతినీలలోహిత కిరణం తీసుకోండి. సుమారు 3.4 వస్తుంది. చాలు! ఎలక్ట్రాన్ పై మెట్టు ఎక్కేస్తుంది. అది వదిలిన చోట ఒక ఖాళీ మిగులుతుంది.

పైకి వెళ్లిన ఎలక్ట్రాన్ రేణువు ఉపరితలం మీద ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. కింద మిగిలిన ఖాళీ, గాలి తేమలోని నీటి నుంచి ఎలక్ట్రాన్‌ను లాక్కుంటుంది. ఈ రెండింటి వల్ల ఎంతో చురుకైన కణాలు పుడతాయి. వాటిలో హైడ్రాక్సిల్ రాడికల్ ఒకటి. పక్కనే ఉన్న నూనె అణువుల గొలుసులను ఇవి తెంచుతాయి. విచిత్రమేమంటే, ఇంత జరిగినా టైటానియం డై ఆక్సైడు ఖర్చయిపోదు. మళ్లీ కాంతి తగిలితే మళ్లీ అదే పని చేస్తుంది. తాను తరగకుండా చర్యను వేగిరపరచే పదార్థాన్ని ఉత్ప్రేరకం అంటామని చదివారు కదా. ఇది కాంతితో పనిచేసే ఉత్ప్రేరకం. 1972లో జపాను శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా టైటానియం డై ఆక్సైడు మీద కాంతి ప్రసరింపజేసి నీటిని విడగొట్టవచ్చని ప్రకటించినప్పటి నుంచి ఈ గుణం లోకానికి బాగా తెలిసింది. ఈనాడు తమను తామే శుభ్రం చేసుకునే అద్దాల తయారీలో దీన్నే వాడుకుంటున్నారు. అద్దానికి వరమైన గుణం చిత్రపటానికి శాపమయింది.

మీకొక సందేహం రావాలి. రూటైల్‌కు తక్కువ శక్తి చాలుకదా, మరి అదే ఎక్కువ నష్టం చేయాలి కదా? మంచి ప్రశ్న. రూటైల్‌లో పైకెక్కిన ఎలక్ట్రాన్ చాలాసార్లు ఉపరితలానికి చేరకముందే తన ఖాళీలోకి తిరిగి వచ్చేస్తుంది. అందువల్ల నూనెకు అపకారం తక్కువ. ఇక రేణువుకు పూత ఉంటే, అది కంచెలా నిలిచి నూనెను కాపాడుతుంది.

మూడు ప్రశ్నలు

చిత్రపటాలను సంరక్షించే నిపుణుడు మూడు ప్రశ్నలు ఒకదాని తరువాత ఒకటి వేసుకోవాలి.

మొదటి ప్రశ్న: ఈ తెలుపులో టైటానియం ఉందా? చిత్రాన్ని ముట్టుకోకుండానే దాని మీద ఎక్స్ కిరణాలు ప్రసరింపజేస్తారు. అప్పుడు ప్రతి మూలకమూ తనకే ప్రత్యేకమైన ఎక్స్ కిరణాలను తిరిగి వెలువరిస్తుంది. వాటిని బట్టి టైటానియం, జింకు, సీసం ఏవి ఉన్నాయో తెలుస్తుంది. ఈ ప్రశ్న దొంగలను కూడా పట్టిస్తుంది! కాంపెన్‌డాంక్ అనే జర్మన్ చిత్రకారుడు 1914లో వేసినట్టుగా చెలామణి అయిన ఒక చిత్రంలో టైటానియం తెలుపు బయటపడింది. 1914 నాటికి ఆ తెలుపు చిత్రకారుల చేతికి రాలేదు. అది బెల్ట్రాకీ అనే మోసగాడి పని అని తేలింది. 2011లో అతనికి శిక్ష పడింది.

రెండో ప్రశ్న: ఉన్న టైటానియం తెలుపు అనటేజా, రూటైలా? దీనికి జవాబిచ్చేది మన దేశంలో పుట్టిన ఒక ఆవిష్కరణ. 1928 ఫిబ్రవరి 28న సర్ సి.వి.రామన్ కనుగొన్న రామన్ ఫలితం మీకు తెలుసు. బాల్యంలో విశాఖపట్నంలో చదువుకున్న ఆయనకు 1930లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒకే రంగు కాంతిని పదార్థం మీద వేస్తే, చెదిరి వచ్చే కాంతిలో కొద్ది భాగం రంగు మార్చుకుని వస్తుంది. ఎంత మారింది అన్నది అణువులు ఎలా అమరి, ఎలా కంపిస్తున్నాయి అన్నదాన్ని బట్టి ఉంటుంది. అనటేజ్, రూటైల్‌ల అమరికలు వేరు గనుక వాటి రామన్ గుర్తులూ వేరు. మనిషికి వేలిముద్ర ఎలాంటిదో స్ఫటికానికి ఇది అలాంటిది.

అనటేజ్ అని తేలితే చాలదా? చాలదు. మంచి పూత ఉన్న అనటేజ్ సాధువుగా ఉండవచ్చు. పూత లేని రూటైల్ కొంత అల్లరి చేయవచ్చు. పేరు తెలిసినంత మాత్రాన నడత తెలియదు. కాబట్టి మూడో ప్రశ్న: కాంతి తగిలితే ఈ పొడి ఎంత చురుకుగా పనిచేస్తుంది?

నీలి రంగు సాక్ష్యం

చిత్రంలో నూనె పాడు కావడానికి ఏళ్లు పడుతుంది. అన్నాళ్లు కూర్చుని చూడలేం. అందుకని నూనెకు బదులు సులభంగా విరిగే ఒక రంగును సాక్షిగా పెడతారు. నెదర్లాండ్స్‌లో రైక్స్ మ్యూజియం, డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయాలకు చెందిన పరిశోధకులు ఇలాంటి సులువైన పరీక్షను 2016లో ప్రకటించారు. వారు ఎంచుకున్న సాక్షి ఆసిడ్ బ్లూ 9 అనే నీలి రంగు. మిఠాయిలలో, పానీయాలలో కలిపే బ్రిలియంట్ బ్లూ రంగుకు ఇది దగ్గరి చుట్టం.

ఈ పరీక్ష సూత్రాన్ని మన తరగతి గది పద్ధతిలో అమర్చుకుని చూద్దాం. నాలుగు పరీక్షనాళికలు తీసుకుని అన్నింటిలోనూ ఒకే గాఢత గల నీలి రంగు నీరు పోశామనుకోండి.

మొదటి నాళికలో రంగు నీరు మాత్రమే. అతినీలలోహిత దీపం కింద పెడతాం.

రెండో నాళికలో రంగు నీరు, పరీక్షించవలసిన తెల్ల పొడి. దీన్ని చీకట్లో ఉంచుతాం.

మూడో నాళికలో రంగు నీరు, అదే తెల్ల పొడి. దీన్ని దీపం కింద ఉంచుతాం.

నాలుగో నాళికలో రంగు నీరు, చురుకైనదని ముందే తెలిసిన అనటేజ్ పొడి. ఇదీ దీపం కిందే.

కొంతసేపటికి మూడో నాళికలో నీలం వెలిసిపోయిందనుకోండి. "పొడి ప్రమాదకరం" అని వెంటనే చెప్పేయవచ్చా? తొందరపడకండి. చొక్కా మీది పసుపు మరకను గుర్తు తెచ్చుకోండి. అక్కడ టైటానియం ఏమీ లేదు. అయినా ఎండకు రంగు పోయింది. అలాగే నీలి రంగు కూడా దీపం వల్లనే పోయి ఉండవచ్చు. ఆ సంగతి మొదటి నాళిక చెబుతుంది. లేదా రంగు విరిగిపోకుండా కేవలం పొడి రేణువులకు అంటుకుని నీటిలో తగ్గి ఉండవచ్చు. ఆ సంగతి చీకట్లోని రెండో నాళిక చెబుతుంది. ఆ రెండింట్లో నీలం నిలిచి ఉండి, మూడో దానిలో మాత్రమే పోతే, అప్పుడు చెప్పవచ్చు: పొడీ కాంతీ కలిసి చేసిన పని ఇది.

మరి మూడో దానిలో నీలం అలాగే ఉంటే? అప్పుడు నాలుగో నాళిక వైపు చూడండి. దానిలో నీలం పోతే దీపం సరిగానే పనిచేసింది, మన పొడి సాధువే. దానిలో కూడా పోకపోతే పరీక్షలోనే ఏదో లోపం ఉంది. మళ్లీ చేయాలి. ప్రయోగంలో పోలిక కోసం పెట్టే ఇలాంటి నాళికలను చాలామంది విద్యార్థులు అనవసరపు శ్రమ అనుకుంటారు. నిజానికి జవాబును నమ్మదగినదిగా చేసేవి అవే.

నీలం ఎంత తగ్గిందో కంటితో పోల్చుకోవచ్చు. ఇంకా కచ్చితంగా కావాలంటే, ఆ నీలి రంగు బాగా పీల్చుకునే 630 నానోమీటర్ల ప్రాంతపు కాంతిని ద్రావణం గుండా పంపి, ఎంత బయటికి వచ్చిందో పరికరంతో కొలుస్తారు. నిమిషాల లెక్కన కొలుస్తూ పోతే రంగు ఎంత వేగంగా తగ్గుతున్నదో తెలుస్తుంది. వేగం ఎక్కువైతే ప్రమాదమూ ఎక్కువే.

ఒక చిక్కు ఉంది. ఈ పరీక్ష పొడిగా దొరికిన వర్ణకం మీద సులువు. చిత్రం మీది రేణువు నూనెలో చుట్టి ఉంటుంది గనుక రంగు నీరు దాన్ని సరిగా తాకదు. పైగా పరీక్ష కోసమని గొప్ప చిత్రాన్ని గీకి పొడి తీస్తే, కాపాడబోయి మనమే పాడుచేసినట్టవుతుంది. కాబట్టి పాత కర్మాగారపు నమూనాలు, చిత్రకారులు వదిలివెళ్లిన రంగు పొడులు ఎంతో విలువైనవి. ఏ కాలపు ఏ రకం పొడి ఎంత చురుకో వాటి మీద తెలుసుకుని, చిత్రం వేసిన ఏడాదితో, రామన్ గుర్తుతో పోల్చి అంచనాకు వస్తారు.

తెలిసిన తరువాత?

పూత లేని అనటేజ్ ఎక్కువగా వాడుకలో ఉన్న కాలం ముఖ్యంగా 20వ శతాబ్దపు తొలి సగం. ఆ కాలపు చిత్రాల విషయంలో జాగ్రత్త ఎక్కువ కావాలి. నష్టం మొదట్లో కంటికి ఆనదు. ముందు మెరుపు తగ్గుతుంది. ఆ తరువాతే పొడి రాలుతుంది. పొడి రాలుతున్న పైపొరను మామూలుగా తుడిచినా కొంత చిత్రం గుడ్డకు అంటుకుని వచ్చేస్తుంది.

చేయవలసింది కష్టమైన పని కాదు. అతినీలలోహిత కిరణాలు చిత్రం మీద పడకుండా చూడాలి. మామూలు కిటికీ అద్దం వాటిని పూర్తిగా ఆపలేదు. 320 నుంచి 400 నానోమీటర్ల మధ్య కిరణాలను చాలావరకు లోపలికి వదిలేస్తుంది. అందుకని మ్యూజియాలలో కిటికీలకూ, చిత్రాల ముందరి అద్దాలకూ ప్రత్యేకమైన వడపోత పొర అతికిస్తారు. వెలుతురు కూడా మితంగా ఉంచుతారు. నడి మధ్యాహ్నపు ఎండలో లక్ష లక్స్ దాకా వెలుతురు ఉంటే, తైలవర్ణ చిత్రాలకు సాధారణంగా 150 నుంచి 200 లక్స్‌తో సరిపెడతారు. ఈసారి మ్యూజియానికి వెళ్లినప్పుడు గది మసకగా ఉందని విసుక్కోకండి. ఆ మసకే చిత్రానికి ఆయుష్షు.

పరీక్ష వల్ల మరొక లాభం కూడా ఉంది. ప్రమాదం లేదని తేలిన చిత్రాన్ని అనవసరపు భయం లేకుండా పదిమందికీ చూపవచ్చు. అన్ని చిత్రాలనూ చీకటి గదిలో దాచడం సంరక్షణ కాదు గదా!

మీరూ చేయండి

తెల్ల నూలు గుడ్డను నాలుగు ముక్కలు చేసి, ఒకే పసుపు నీటిలో ముంచి నీడలో ఆరబెట్టండి. ఒకటి ఎండలో పెట్టండి. ఒకటి ఎండలోనే, నల్ల కాగితం కప్పి పెట్టండి. ఒకటి ఎండలో గాజు పలక కింద పెట్టండి. ఒకటి పెట్టెలో దాచండి. గంటకొకసారి నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూసి, నోటుపుస్తకంలో రాసుకోండి.

ఆ తరువాత ఈ ప్రశ్నలకు జవాబులు ఆలోచించండి.

1. నల్ల కాగితం కింది గుడ్డకూ ఎండ వేడి తగిలింది. దాని రంగును బట్టి, పసుపును పోగొట్టింది వేడా, కాంతా?

2. గాజు కింది గుడ్డ వెలిసిందా? దాని నుంచి కిటికీ అద్దం గురించి మీరేమి తెలుసుకున్నారు?

3. 400 నానోమీటర్ల ఊదా కాంతికి అనటేజ్‌లోని ఎలక్ట్రాన్‌ను పైకెక్కించే శక్తి ఉందా? రూటైల్‌లోని ఎలక్ట్రాన్‌ను? పైన చెప్పిన సూత్రంతో లెక్కకట్టి, మీ సైన్సు మాస్టారికి చూపించండి.